సీసపు గుండు కలిసిన చక్రం

మా వీధిలో నీళ్ళ పైపులు మారుస్తున్నారు. వారం నుంచి గేటు ముందర నల్లటి పైపులు దొంతరలుగా పడి ఉన్నాయి. పాలవాడు వాటి మీద నుంచి గంతేసి వస్తున్నాడు. నేను ఆ వయసు దాటిపోయాను గనక ఇంట్లోనే కూర్చుంటున్నాను. నిన్న ఎండ ముదరక ముందు మెల్లగా బయటికి వచ్చి, పైపు మీద తెల్ల రంగుతో గుద్దిన అక్షరాలు చదివాను. డక్టైల్ అయర్న్ అని ఉంది. జేబులోని తాళంచెవి తీసి పైపు అంచు మీద ఒక్కటి తట్టాను. ఖంగుమంది. ఆ మోత సన్నబడుతూ, సాగుతూ, ఎదురింటి కుక్క తలెత్తి చూసేదాకా వినిపించింది. గుంత తవ్విస్తున్న కాంట్రాక్టరు మనిషి నవ్వి, "ఏం పెద్దాయనా, పైపుతో మాట్లాడతాండావా?" అన్నాడు. "బాగుండావా అని అడుగుతాండా," అన్నాను. "ఏమంటాండాది మరి?" "బాగుండాదంట." అతను తలకాయ తిప్పుకుని తన పనిలో పడ్డాడు. పిచ్చి ముసలాయన అనుకుని ఉంటాడు, తప్పులేదు. నేను మాత్రం చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. కుడి అరచేతిలో సన్నగా తిమ్మిరి మొదలైంది. అది వయసు వల్ల వచ్చిన తిమ్మిరి కాదని నాకు తెలుసు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు పోయి, హైదరాబాదు రాజధాని అయిన కొత్త. నేను మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగం వచ్చేలోగా అని ప్రొద్దుటూరులో మా బావ దగ్గరికి వచ్చాను. మా అక్క మొగుడు ఆయన. జమ్మలమడుగు రోడ్డులో రేకుల షెడ్డు వేసి ఒక ఫౌండ్రీ నడిపేవాడు. చెనక్కాయలు ఒలిచే మిషన్లకు కావలసిన భాగాలు, ఇంజన్లకు పుల్లీలు, గానుగలకు చక్రాలు పోత పోసేవాళ్ళం. బావకు తెల్లచొక్కా పిచ్చి. మసిలో, ఇసుకలో రోజంతా తిరిగేవాడు తెల్లచొక్కా తప్ప తొడిగేవాడు కాదు. సాయంత్రానికి ఆ చొక్కా ఏ రంగులో ఉండేదో దానికి మా అక్క ఒక్కోరోజు ఒక్కో పేరు పెట్టేది. "నేను కొత్త చీర కట్టుకొని ఎదురుగా నిలబడినా కనపడదు, పుల్లీలో ఎంట్రుకంత చీలిక ఉంటే మటుకు వీధి చివర నుంచే కనపడతాది మీ బావకు," అని నాతో చెప్పుకునేది. బావ దానికి నవ్వేవాడు. ఆ నవ్వు నేను చూసింది ఒక్క ఏడాదే.

షెడ్డులో అసలు పెద్ద బావ కాదు, కొలిమి మేస్త్రీ. జమ్మలమడుగు నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చేవాడు. ఆయనను నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆయనకు నిజంగానే నలుగురు కూతుళ్ళు. మతాలు వేరు కాకుంటే ఈపాటికి నిన్ను వదిలేవాణ్ణా అని అందరి ముందరా ఎగతాళి చేసేవాడు. సంతకం పెట్టడం రాదు గానీ చెవి మాత్రం దేవుడు ప్రత్యేకంగా చేసి పంపించాడు. చొక్కా జేబులో కంసాలి సుత్తంత చిన్న సుత్తి ఒకటి పెట్టుకుని, కనపడిన ప్రతి లోహాన్నీ తట్టి వినేవాడు. బస్సులో సీటు కడ్డీని తట్టేవాడు, టీ కొట్టులో బాయిలరును తట్టేవాడు. తన రెండో కూతురి పెండ్లిలో బిరియానీ డేగిషాను తట్టి, "దీనికి అడుగున పగులుండాది, మార్చుకో భాయ్," అని వంటవాడితో చెప్పాడట. వంటవాడు వినలేదు. మధ్యాహ్నానికి సగం బిరియానీ నీళ్ళు పొయ్యిలోకి కారిపోయాయి. పోత పోసిన ప్రతి చక్రాన్నీ ఆయన తాడుతో వేలాడగట్టి, కళ్ళు మూసుకుని ఒక్క దెబ్బ వేసి, ఆ మోత పూర్తిగా ఆరిపోయేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. ఆ తర్వాతే అది షెడ్డు దాటి బయటికి పోయేది.

మామూలు పోత ఇనుములో మోత సాగదు. దబ్బుమంటుంది, అంతే. ఎందుకో నేను చదువుకున్నదంతా ఉపయోగించి మామకు చెప్పబోయాను. ఆ ఇనుములో బొగ్గు ఉంటుంది మామా, అది పలచటి రేకులు రేకులుగా లోపలంతా పరుచుకుని ఉంటుంది, ప్రతి రేకూ ఒక పగులుతో సమానం, దెబ్బ తగిలితే ఒక రేకు నుంచి ఇంకో రేకుకు పగులు పాకుతుంది అన్నాను. ఆయన తాపీగా బీడీ ముట్టించుకుని, "అది నాకు ముప్పై ఏండ్ల నుంచి ఇనపడతానే ఉండాది అల్లుడా, పేరే తెలీదు," అన్నాడు. చదువుకున్నవాణ్ణనే గర్వం ఆ రోజుతో కాస్త తగ్గింది. పూర్తిగా తగ్గి ఉంటే బాగుండేది.

ఒకరోజు పులివెందుల బస్సు దిగి ఒక మనిషి గోనెసంచీ నెత్తిన పెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా సంచీ విప్పి నేల మీద కుమ్మరించాడు. ఒక పళ్ళ చక్రం ముక్కలు అవి. బావులు తవ్వేటప్పుడు రాళ్ళూ మట్టీ పైకి లాగే చేతి క్రేనుకు బిగించే చక్రం. చక్రపు ఆకుల మీద మా ఫౌండ్రీ గుర్తు ఉంది. "ఇది మీరు పోసిందే కదప్పా, చూసుకోండి," అన్నాడు. వాళ్ళు ఇద్దరన్నదమ్ములు. అన్న ఊరూరా బావులకు రాతికట్టడం కట్టే పనివాడు. అందరి బావులూ కట్టి కట్టి, చివరికి తమ చేనులోనే ఒక బావికి దిగాడు. రాళ్ళ తొట్టి సగం పైకి వచ్చాక చక్రం పన్ను విరిగింది. తొట్టి జారి కింద ఉన్నాయన మీదనే పడింది. ఆ మాట ఆ తమ్ముడు చెప్పిన తీరులో ఏడుపు లేదు, కోపం లేదు. "కొట్లాటకు రాలేదప్పా. బావి ఇంగా సగంలోనే ఉండాది. ఈతూరి దిగాల్సింది నేను. ఇరగని చక్రం పోసిస్తారా, మీ చేత కాదా, అది చెప్పండి చాలు," అన్నాడు.

బావ ముక్కల ముందర గొంతుక్కూర్చుని, విరిగిన చోట వేలితో తడిమాడు. వేలికి నల్లటి మసి అంటుకుంది. ఆ వేలిని అలాగే తెల్లచొక్కాకు తుడుచుకున్నాడు. "పోసిస్తాం," అన్నాడు, అంతే. ఆ మాట తర్వాత మా బావ పని మాటలు తప్ప మాట్లాడగా నేను వినలేదు. తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. అక్క ఎగతాళి చేసినా విననట్టే ఉండేవాడు. కొన్నాళ్ళకు అక్క ఎగతాళి చేయడం మానేసింది. ఇంటి మీద ఎవరో తడిగుడ్డ కప్పినట్టు ఉండేది. మేం ఎవరమూ ఏడవలేదు, పోట్లాడుకోలేదు. మాకు ఏమీ అనిపించేది కాదు, అది ఇంకా భయంగా ఉండేది.

విరగని పోత ఇనుము ఒకటి వచ్చిందని నేను కాలేజీలో విన్నాను. మా లెక్చరరు ఒకాయన చెప్పగా రాసుకున్న నోట్సు నా దగ్గర ఉంది. కరిగిన ఇనుములో మెగ్నీషియం కలిపితే రేకులుగా పరుచుకునే బొగ్గు గుండ్రటి గింజలుగా ముడుచుకుంటుంది. రేకుల వెంట పాకే పగులు గింజ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. కనక ఆ ఇనుము విరిగే ముందు వంగుతుంది. ఇంగ్లీషులో డక్టైల్ అయర్న్ అనే దానికి మేం పెట్టుకున్న పేరు వంగే పోత. మద్రాసుకు రాస్తే నికెల్‌లో మెగ్నీషియం కలిపిన బిళ్ళలు డబ్బాలో వచ్చాయి. మామ వాటికి మందు అని పేరు పెట్టాడు. మొదటిసారి మందు వేసిన రోజు షెడ్డంతా తెల్లటి వెలుగు లేచి, మామ కనుబొమలు రెండూ కాలిపోయాయి. ఇంటికి పోతే పెండ్లాం గుర్తుపట్టలేదని మర్నాడు చెప్పాడు. షెడ్డులో ఒక్కరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి చెప్పినట్టు లేదు.

మందు ఒక్కటే చాలదని తొందరలోనే తెలిసింది. బొగ్గు గింజ కట్టినా, గింజ చుట్టూ ఉండే ఇనుము ఎట్లా ఉండాలో మేమే నిర్ణయించాలి. సిలికాన్ ఎక్కువ పడితే ఆ ఇనుము మెత్తబడుతుంది, బాగా వంగుతుంది గానీ పళ్ళు తొందరగా అరిగిపోతాయి. రాగి కొంచెం పడితే అది పొరలు పొరలుగా, మా ఊరి పరోటాలాగా కట్టుకుని గట్టిపడుతుంది. రాగి మరీ ఎక్కువైతే వంగే గుణం తగ్గుతుంది. ఒకసారి పాత రైలు పట్టా ముక్క వేశాం. అందులో మాంగనీసు ఉంటుంది. అది అన్నిటికన్నా చివర గడ్డకట్టే చోటికి పోయి చేరి, అక్కడ మొండిగా, పెళుసుగా కూర్చుంటుంది. ఆ కడ్డీ ఎంతో బలంగా ఉన్నట్టే ఉండి చివరికి పుటుక్కుమంది. కొలిమిలో మండే బొగ్గులోని గంధకం సరేసరి, మందునంతా అదే తినేస్తుంది. మూడు నెలలు ఇదే పని. కడ్డీలు పోయడం, బల్లకు బిగించి వంచడం, ఏ కడ్డీ ఎంత వంగి విరిగిందో నోట్సులో రాయడం. "డాక్టరు దగ్గర గూడా ఇన్ని మందులుండవు," అంది మా అక్క ఒకరోజు వరసగా పెట్టిన డబ్బాలు చూసి.

లోపల గింజ కట్టిందో లేదో చూడాలంటే ముక్కను అద్దంలా మెరుగుపెట్టాలి. దానికి మా ఊళ్ళో కొదువ లేదు. బంగారం బజారులో బావకు తెలిసిన కంసాలి ఒకాయన దగ్గరికి ఇనుపముక్క తీసుకుపోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇనుముకు మెరుగేందప్పా, ఎవరి మెళ్ళో ఏస్తారు దీన్ని?" అన్నాడు. అన్నాడే గానీ సాయంత్రానికల్లా ముక్కను ముక్కుపుడక రాయిలా తళతళలాడించి, తన కన్నద్దం కూడా ఇచ్చాడు. ఎండలో ఓరగా పట్టుకుని చూస్తే, వెండి పళ్ళెంలో రాగులు చల్లినట్టు, నల్లటి చుక్కలు. మామ కూడా చూశాడు. చూసి అద్దం నాకిచ్చేసి, కడ్డీని తాడుకు వేలాడగట్టి సుత్తితో తట్టాడు. ఖంగుమంది. మోత ఆరిపోయేదాకా ఆయన కళ్ళు తెరవలేదు. తెరిచినప్పుడు కనుబొమలు ఇంకా సరిగ్గా మొలవని ఆ ముఖంలో కళ్ళు తడిగా ఉన్నాయి. "చక్రం దీంతోనే పోద్దాం," అన్నాడు.

చక్రం పోసే రోజు తమ్ముడికి కబురు పెట్టాం. అతనితో పాటు వదినె కూడా వచ్చింది, చనిపోయినాయన భార్య. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. ఆమెను నేను పులివెందులక్క అనేవాణ్ణి. కొలిమి దగ్గర వేడికి అందరం వెనక్కి జరుగుతుంటే ఆమె మాత్రం ముందుకు వచ్చి, కొంగు ముడి విప్పి ఒక వస్తువు తీసింది. సీసపు గుండు. గోడ నిలువుగా లేస్తోందో లేదో చూడటానికి కట్టడంవాళ్ళు దారానికి కట్టి వేలాడదీసే గుండు. చిన్న నిమ్మకాయంత ఉంది. ఆయన ఇరవై ఏళ్ళు చేతపట్టుకుని తిరిగింది కావడంతో నున్నగా అరిగి ఉంది. మా వైపు గుడి గంట గానీ విగ్రహం గానీ పోత పోసేటప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు తమ ఇంటి లోహం ఒక ముక్కైనా కరిగించే మూసలో వేయడం మామూలే. ఆమె అడిగింది అదే. "ఇది దాంట్లో ఎయ్యండప్పా. మా మరిది దిగేటప్పుడు ఆయప్ప పట్టుకొనుంటాడు," అంది.

మామ గుండు అందుకుని రెండడుగులు నా వైపు వచ్చాడు. "ఏం అల్లుడా, ఇది ఎయ్యొచ్చునా?" అన్నాడు మెల్లగా. నా నోట్సులో ఆ పేజీ నాకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. సీసం రవ్వంత కలిసినా గింజలు మళ్ళీ రేకులవుతాయి, జాగ్రత్త అని రాసి, కింద రెండు గీతలు గీసుకున్నాను. పరీక్షలో అడుగుతారని గీసుకున్న గీతలవి. నేను ఆమె వైపు చూశాను. మా చక్రం విరిగి చచ్చిపోయినాయన పెండ్లాం. ఆమె ఏమీ బతిమాలడం లేదు, చెయ్యి ఇంకా చాపుకునే ఉంది, గుండు తీసుకున్నాక ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. సీసం బరువైనది, అడుగుకు దిగిపోతుంది, ఇంత ఇనుములో అదెంత అని నాకు నేనే చెప్పుకున్నాను. తల ఊపాను. మామ గుండును మూసలో వేశాడు. నిజం చెప్పాలంటే నాకు వద్దనే ధైర్యం లేకపోయింది. అంతకు మించి సైన్సు ఏమీ లేదు అందులో.

మర్నాడు ఉదయం ఇసుక పగలగొట్టి చక్రం బయటికి తీశాం. చూడటానికి నిక్షేపంగా ఉంది. పులివెందులక్క తాను పెట్టకూడదని మా అక్క చేత దానికి పసుపూ కుంకుమా పెట్టించింది. మామ దాన్ని తాడుకు వేలాడగట్టాడు. కళ్ళు మూసుకుని తట్టాడు. దబ్బుమంది. ఇంకోచోట తట్టాడు. దబ్బుమంది. మూడోసారి ఆయన సుత్తి ఎత్తి, కొట్టకుండానే దించేశాడు. అదే పోతలో పోసిన కడ్డీని నేను బల్లకు బిగించి వంచబోతే వంగకుండానే విరిగింది, విరిగిన చోట మసి. మామ నా ముఖంలోకి ఒక్కసారి చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. నేను నోరు తెరిచేలోపే ఆయన వాళ్ళ వైపు తిరిగి, "ఈ చక్రం పనికిరాదమ్మా. నా చెయ్యి తప్పింది. మందు పడాల్సిన టయానికి పడలేదు," అన్నాడు. ముప్పై ఏళ్ళలో తన చెయ్యి తప్పిందని ఆయన ఎవరి ముందరా అనలేదు. తమ్ముడు మామను ఎగాదిగా చూసి, "నిన్ను నమ్మి దిగాల్నా నేను?" అన్నాడు. మామ తల దించుకున్నాడు. పక్కన నేను నిలబడే ఉన్నాను, నోట్సు చంకలో పెట్టుకుని.

పులివెందులక్క ఒకటే అడిగింది. "ఆయప్ప గుండు దాంట్లోనే ఉండాది కదా, అదెట్ల?" మామ, "యాడికీ పోదమ్మా. ఇది పగలగొట్టి, మళ్ళా కరగబెట్టి, దీంతోనే పోస్తాం," అన్నాడు. అది అబద్ధం. ఆ ఇనుము మళ్ళీ కరిగిస్తే మళ్ళీ అదే విషం. బావ సమ్మెట తెచ్చి నా చేతికిచ్చాడు, ఎందుకు నాకే ఇచ్చాడో ఇప్పటికీ తెలియదు. వాళ్ళు చూస్తుండగానే కొట్టాను. మంచి వంగే పోత అయితే ఎన్ని దెబ్బలు పడేవో గానీ, అది మూడో దెబ్బకే మూడు ముక్కలైంది. కుంకుమ ఉన్న ముక్క ఆమె కాళ్ళ దగ్గరికి దొర్లింది. అప్పుడు నాకు సిగ్గు వేయలేదు, దుఃఖం రాలేదు. కుడిచేయి మణికట్టు దాకా తిమ్మిరెక్కింది, దాన్నే చూసుకుంటూ నిలబడ్డాను. ఆ చేతి తిమ్మిరి సాయంత్రానికి పోయింది. లోపలిది పోలేదు.

వాళ్ళు ఊరికి పోయాక మామ ఆ మూసను కూడా పగలగొట్టాడు, సీసం దాని గోడలకు పట్టి ఉంటుందని. కొత్త మూసలో, కొత్త ఇనుముతో రెండో చక్రం పోశాం. అది గుడి గంటలాగా మోగింది. నేనూ మామా దాన్ని తీసుకుని పులివెందుల పోయి క్రేనుకు బిగించాం. తమ్ముడు తొట్టిలో కూర్చున్నాడు. నలుగురు క్రేను పిడి పట్టుకుని తిప్పుతుంటే నేను చక్రం పళ్ళనే చూస్తూ లెక్కపెట్టాను, ఒక్కో పన్నూ ఒక్కోసారి పట్టి వదులుతోంది. చాలాసేపటికి కింద నుంచి "దిగితినప్పో!" అని కేక వచ్చింది. మట్టిగుట్ట మీద నిలబడ్డ పులివెందులక్క మామను, "పట్టుకున్నాడా?" అని అడిగింది. మామ ఎటో చూస్తూ, "పట్టుకున్నాడమ్మా," అన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆయన బస్సు సీటు కడ్డీని తట్టలేదు.

ఆ బావిలో నీళ్ళు పడ్డాయి. తమ్ముడు పదిలంగా పైకి వచ్చాడు, చీనీ తోట, అదే బత్తాయి తోట వేశాడు. పులివెందులక్క ఏడాదికొకసారి మా ఫౌండ్రీకి వచ్చేది. మొదట్లో చెనక్కాయలు తెచ్చేది, తోట కాపుకు వచ్చాక గంపెడు చీనీకాయలు. గంప నా ముందర దించి, షెడ్డు వెనక పడమటి గోడ వారగా నేల మీద కూర్చునేది. ఆ గోడ వారనే మేం పనికిరాని ముక్కలు పడేసేవాళ్ళం, ఆ చక్రం ముక్కలు మూడూ అక్కడే పడి ఉన్నాయి. ఆమె వచ్చేది మధ్యాహ్నం బస్సుకు, అప్పుడు అక్కడ ఎండ మండిపోతూ ఉంటుంది. నీడలోకి రాక్కా, కుర్చీ వేస్తాను అంటే వచ్చేది కాదు. "ఈడ బాగుండాదిలే," అనేది. నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని, పోయేది. పల్లెటూరి మనిషి, కుర్చీకి మొహమాటపడుతోంది అనుకున్నాను. ఆమె పోయాక ఒక చీనీకాయ ఒలుచుకుని తినేవాణ్ణి. తీపి అని నాలుకకు తెలిసేది. నేను చంపబోయిన మనిషి పెంచిన చెట్టు కాయ అని కూడా తెలిసేది. రెండూ తెలిసి కూడా మనసు కదిలేది కాదు. ఉద్యోగం వచ్చేలోగా అని వచ్చినవాణ్ణి, ఎక్కడికీ పోలేదు, ఆ షెడ్డులోనే ఉండిపోయాను. సీరియం అనే లోహం చిటికెడు వేస్తే సీసం విషం విరిగిపోతుందని ఆ తర్వాతెప్పుడో ఒక పుస్తకంలో చదివాను. చదివి, ఆ పేజీ మూసి, టీ తాగాను.

మామ పోయాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు బావకు చూపు తగ్గి, ఫౌండ్రీ మూసేద్దామన్నాడు. పాత ఇనుమంతా కాటా వేసి అమ్మేస్తున్నామని ఎట్లా తెలిసిందో, చీనీల కాలం కాకపోయినా పులివెందులక్క దిగింది. చేతిలో గంప లేదు, ఖాళీ గోనెసంచీ ఉంది. నేరుగా పడమటి గోడ దగ్గరికి పోయి, మూడు ముక్కల్లో ఒకదాన్ని రెండు చేతులతో దొర్లించి, "ఇది నాకియ్యప్పా," అంది. పన్ను సందులో కుంకుమ ఎప్పుడో పోయింది, ఆమె మాత్రం ఆ ముక్కే తీసింది. "అది పాత ఇనుమక్కా, ఎందుకు?" అన్నాను. ఆమె నడుం నిటారుగా చేసుకుని నన్ను చూసింది.

"నాకు తెలీదనుకుంటివా అప్పా? మీరు చక్రం బిగించి పోయినారే, ఆ వారంలోనే ఆ మామ మళ్ళా వచ్చినాడు. ఆయప్ప దాంట్లో లేడమ్మా, మా షెడ్డు యనక గోడకాడ ఉండాడు, నేను నీకు అబద్ధం చెప్తి అని ఏడ్చినాడు. సీసం పడితే చక్రం ఇరుగుతాదంట కదా. అల్లుణ్ణి ఒక మాట అడక్కుండా నేనే ఏసేస్తి, వానికేం తెలీదు అనినాడు."

ఇన్నేళ్ళలో ఆ ఒక్క క్షణం నా లోపల ఏదో కదిలింది. "అడిగినాడక్కా. నాకు తెలుసు. తెలిసే వెయ్యమన్నా," అన్నాను.

"అదీ తెలుసులే. నువ్వు తలకాయ ఊపింది నేను చూస్తి కదా, కండ్లు లేవా నాకు?" అంది ఆమె, మామూలుగానే. "ఆ పొద్దు నువ్వు వద్దనింటే ఆ గుండు కొంగున కట్టుకొని మళ్ళా బస్సెక్కి యాడికి పోదును నేను? నా మరిది బతికినాడు. ఈయప్పను చూసేదానికి ఏడాదికొకతూరి వస్తాంటి. ఇంగ మీరు అమ్మేస్తారంట, అందుకే తీసకపోతాండా." ముక్కను ఇద్దరం కలిసి సంచీలోకి ఎత్తాం. బస్టాండు దాకా నేనే మోశాను. కండక్టరు సంచీ తట్టి చూసి, "ఏందమ్మా, ఇంత బరువుండాది?" అన్నాడు. "మా ఇంటాయన," అంది. కండక్టరు నవ్వాడు. బస్సు కదిలింది. ఆమె సంచీ మీద చెయ్యి వేసుకుని, ముందుకు చూస్తూ కూర్చుంది.

ఆమె ఎందుకు ఎండలో కూర్చునేదో నాకు ఆ రోజు దాకా తెలియలేదు. తెలిశాక ఏడుపు వస్తుందేమోనని చాలా రోజులు కాచుకున్నాను, రాలేదు. ఏ ఇనుమునైనా తట్టినప్పుడల్లా చేతిలో ఆ తిమ్మిరి మాత్రం వస్తుంది. నేను ఆమె దగ్గర దాచిన ఏళ్ళూ, ఆమె తెలిసి నన్ను ఓర్చుకున్న ఏళ్ళూ ఒక్కటే. ఆమెవి ఆ గోడ వారన తన మనిషి పక్కన గడిచాయి, నా ఏళ్ళు మాత్రం ఎటు పోయాయో నాకు లెక్క తెలియదు.